తువ్వాలుకొక వాటా

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు వయసు మీద పడి కాస్త తగ్గింది గానీ, స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు మాత్రం నిండుగా ఉండేది. ఆ ఏడే ఇంటరు పాసయ్యాను. శ్రీకాకుళంలో మా నాన్న కిరాణా కొట్లో కూర్చోనని మొండికేశాను. సర్కారు వారు కష్టజీవుల మీద సర్వే చేయిస్తున్నారని తెలిసి, అందులో ఓ టెంపరరీ ఉద్యోగం సంపాదించాను. ఎవరు ఏ పని చేస్తున్నారు, ఎవరి కింద చేస్తున్నారు, రోజుకి ఎన్ని గంటలు, పనిచోట నీడా నీళ్ళూ ఉన్నాయా లేవా, ఇవన్నీ ఇంటింటికీ తిరిగి అడిగి ఫారాల్లో నింపడం నా పని.

"కొట్లో కూకుని మిరపకాయలు అమ్ముకోరా అంటే, ఊరోల్ల పనులు రాసుకుంతాడట ఈడు" అని మా నాన్న వచ్చిన బేరగాడికల్లా చెప్పుకుని నవ్వేవాడు. మా అమ్మ మాత్రం మావాడు రాసిన కాగితాలు ఢిల్లీ వెళ్తాయని వీధంతా చాటింది. నేను ఇద్దరి మాటల్లోనూ అమ్మ మాటే నమ్మాను.

విజయనగరంలో ఒక బడి హాల్లో మాకు మూడు రోజులు పాఠం చెప్పారు. చెప్పినాయన మా సూపర్వైజరు. సన్నగా పొడుగ్గా, ఎప్పుడూ నస్యం పీలుస్తూ ఉండేవాడు. ఆయన పెట్టిన నియమాలు మూడు. సిరాతోనే రాయాలి. రాసింది దిద్దకూడదు, తప్పు పడితే ఆయన సంతకం కావాలి. ఫారం నిండాక ఇంటి పెద్దకి పైకి చదివి వినిపించి, ఆ తరవాతే వేలిముద్ర తీసుకోవాలి. 'పని' అన్న గడిలో నాలుగు మాటల్లో ఏదో ఒకటే రాయాలి: యజమాని, కూలి, సొంత పని, పని లేదు. అయిదో మాట ఉండకూడదు. నా చేతిరాత చూసి ఆయన "బాగుందోయ్" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా కాలు నేల మీద ఆనలేదు.

మొదటి నెల నెల్లిమర్లలో జూట్ మిల్లు కార్మికుల ఇళ్ళు తిరిగాను. అక్కడ అంతా నల్లేరు మీద బండి నడక. కూత పడితే పనిలోకి వెళ్తారు, కూత పడితే ఇంటికొస్తారు. అడిగిన ప్రశ్నకి సమాధానం ఠక్కున వచ్చేది, గడిలో ఠక్కున కూర్చునేది. దేశమంతా ఇలాగే ఉంటుందనుకున్నాను.

తరవాత నన్ను భావనపాడు పంపించారు.

నౌపడలో రైలు దిగి, ఉప్పు మళ్ళ గట్ల మీద నడుచుకుంటూ, చంకలో ఫారాల కట్ట, చేతిలో అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీతో ఆ ఊరు చేరాను. బడి గదిలో బస. శాకాహారిని కనక వంట నేనే చేసుకునేవాణ్ణి. ఊరంతా ఎండుచేపల వాసన. మొదటి రెండు రోజులూ ముక్కుకి ఉత్తరీయం చుట్టుకునే తిరిగాను. అది చూసి ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు. మూడో రోజు ఎప్పుడు తీసేశానో నాకే తెలీదు.

వాసన సంగతి సరే, అసలు చిక్కు ఫారంతో వచ్చింది. "నీ యజమాని ఎవరు?" అని ఒకణ్ణి అడిగితే, "సంద్రం" అన్నాడు. "మనిషిని చెప్పవయ్యా" అన్నాను. "మనిసి కింద సేస్తే ఈ తిప్పలెందుకు బాబూ" అన్నాడు. కూలి ఎంత అంటే కూలి లేదన్నాడు. మరి ఏం పెట్టుకు తింటావంటే, వాటా అన్నాడు. ఎన్ని గంటలు చేస్తావంటే, వల బరువుని బట్టి అన్నాడు. నాకు మండిపోయింది.

ఆ ఊళ్ళో పెద్దవల అని ఒకటుండేది. ఒక తాడు కొస ఒడ్డున మనుషులు పట్టుకుంటే, పడవ వలని మోసుకుని సముద్రంలోకి వెళ్ళి, చేపల మందని చుట్టి, రెండో కొసని ఇంకాస్త దూరంలో ఒడ్డుకి తెచ్చేది. అప్పుడు రెండు వరసలుగా జనం నిలబడి లాగేవారు. ఆ వలకి ఒక పెద్ద ఉండేవాడు. నలభై దాటిన మనిషి, నోట్లో చుట్ట, గొంతు మాత్రం సముద్రానికి సమానం. పడిన చేపల్ని ఇసుక మీద కుప్పలుగా పోసి, ఎవరి వాటా ఎవరిదో అతనే చూపించేవాడు. అందరివీ 'సొంత పని' అని రాసుకుంటూ పోయాను. చివరికి నాకూ ఒక దారి దొరికిందని సంతోషించాను.

అలా నాలుగో రోజు ఒక గుడిసెకి వెళ్ళాను. ఇంట్లో ఇద్దరే. ఒక ముసలాయన, ఆయన కోడలు. కొడుకు కలకత్తా ఓడరేవులో మూటలు మోస్తాడు, ఏడాదికోసారి వస్తాడు. ముసలాయన అప్పుడు ఇంట్లో లేడు. కోడలికి పాతికేళ్ళుంటాయి, చేపల బుట్ట అల్లుకుంటూ తలెత్తకుండా జవాబులు చెప్పింది.

"మీ మామ ఏం పని చేస్తాడమ్మా?"

"దిబ్బ మీద కూకుంతాడు బాబూ."

"కూర్చుని?"

"కూకుంతాడు. అంతే."

"మరి నువ్వు?"

"నానేటి సేస్తాను, ఇంటికాడే ఉంతాను. మావకి మంచినీల్లు అట్టుకెల్తాను."

ఆమె ఏదో దాస్తోందని నాకు తట్టలేదు. నా మనసంతా ఇంకా ఎన్ని ఫారాలు మిగిలాయన్న దాని మీదే ఉంది. ముసలాయన పేరు ఎదుట, ముత్యాల్లాంటి అక్షరాలతో 'వృద్ధుడు, పని లేదు' అని రాశాను. కోడలి పేరు ఎదుట 'ఇంటి పట్టున ఉంటుంది, పని లేదు' అని రాశాను. ఇక ఇంటి పెద్దకి చదివి వినిపించాలి కదా, ఫారం పట్టుకుని సముద్రపు ఒడ్డున ఎత్తుగా ఉన్న ఆ ఇసుక దిబ్బ దగ్గరికి బయల్దేరాను.

వల లాగడం అప్పుడే అయింది. జనమంతా దిబ్బ వార నీడ చూసుకుని అలుపు తీర్చుకుంటున్నారు. ముసలాయన దిబ్బ మీద నిటారుగా కూర్చున్నాడు, భుజాన ఎర్ర తువ్వాలు. నేను బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు గొంతెత్తి చదివాను. పేరు చదివాను, వయసు చదివాను, 'వృద్ధుడు, పని లేదు' అని చదివాను.

ఎవడో కిసుక్కున నవ్వాడు. తక్కినవాళ్ళు నవ్వలేదు.

"మల్లీ సదువు" అన్నాడు ముసలాయన.

మళ్ళీ చదివాను, ఈసారి ఇంకాస్త గట్టిగా. చెవుడేమో అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడిచి చంకలో పెట్టుకున్నాడు. అప్పటికి నీళ్ళ ముంత పట్టుకుని వచ్చిన కోడలి భుజం మీద చెయ్యి వేసి, దిబ్బ దిగి వెళ్ళిపోయాడు. వేలిముద్ర మాత్రం పడలేదు.

మర్నాడు ఆయన దిబ్బ మీదికి రాలేదు. ఆ రోజు పెద్దవల వెయ్యలేదు. ఆ పైరోజూ వెయ్యలేదు. పడవ ఇసుకలో, వల పందిరి మీద, మనుషులు వాటి చుట్టూ. నేను ఎటు వెళ్ళినా మాటలు ఆగిపోయేవి. రెండో రోజు సాయంత్రం వల పెద్ద బడి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏటి బాబూ నీ కాయితం? మా నోట్లో మట్టి కొట్టీసింది."

"నేనేం చేశానయ్యా? కూర్చుంటాడంటే కూర్చుంటాడనే రాశాను. దిబ్బ మీద కూర్చోవడం కూడా ఒక పనేనా?" అని నేనూ ఎగిరాను.

అతను చుట్ట తీసి నా వంక జాలిగా చూశాడు. అప్పుడు చెప్పాడు. చేపల మంద ఎక్కడుందో ఒడ్డునా పడవలోనూ ఉన్నవాళ్ళకి కనిపించదట. ఎత్తు మీది నుంచి నీళ్ళ రంగు చూసి పట్టుకోవాలట. ఆయన దిబ్బ మీద నిలబడి తువ్వాలు ఉత్తరానికి ఊపితే పడవ ఉత్తరానికి, దక్షిణానికి ఊపితే దక్షిణానికి. కిందికి దించితే వల వెయ్యడమే. ముప్ఫై ఏళ్ళుగా ఊరు ఆ తువ్వాలు చూసే వల వేస్తోందట.

"పడవకో వాటా, వలకో వాటా, ఆ తువ్వాలుకో వాటా. ఆ ఇంటికి అదే కూడు. ఇప్పుడు ఆయనేటంతన్నాడో తెలుసా? పని నేదని సర్కారోడు రాసీసినాక వాటా ఎలగ తింతాను, సిగ్గు నేదా అంతన్నాడు. మొన్నటి వాటా సేపలు ఇంటికి అంపితే తిప్పి అంపీసినాడు."

"మరొకరు తువ్వాలు ఊపకూడదా?"

"ఆయన పేనంతో ఉండగా ఆ దిబ్బ ఎవుడెక్కుతాడు?"

అతను వెళ్ళిపోయాక నాకు ఆవకాయ అన్నం సహించలేదు. ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఒక మనిషి ముప్ఫై ఏళ్ళ పనిని రెండు మాటల్లో కొట్టేసి, పైగా రెండుసార్లు చదివాను.

తెల్లవారుతూనే టెక్కలి బయల్దేరాను. సూపర్వైజరు మకాం అప్పుడు అక్కడే. ఎండలో నడిచి నడిచి మధ్యాహ్నానికి చేరాను. నేను చెప్పిందంతా ఆయన నస్యం కూడా మరిచిపోయి విన్నాడు.

"నువ్వు ఆ ముసలాయన పని చెయ్యగా చూశావా?"

"లేదండీ."

"చూడకుండా రాశావు. ఇప్పుడు చూడకుండానే దిద్దుతానంటున్నావు." అని తిట్టి, పాత ఫారం కొట్టేసి సంతకం పెట్టి, ఖాళీ ఫారం ఒకటి చేతిలో పెట్టాడు. "పొద్దంతా పక్కన నిలబడి చూడు. చూసింది రాయి. గడిలో పట్టకపోతే పక్కన రాయి, నేను చూసుకుంటాను." ఆయన మీద నాకు మొదటిసారి నిజమైన గౌరవం కలిగింది.

తిరిగొచ్చి ముసలాయన గుమ్మంలో నిలబడ్డాను. "తాతా, నాది తప్పు. రేపు మీ పక్కన నిలబడి చూసి రాస్తాను" అన్నాను. ఆయన చంకలోని తువ్వాలు విప్పి, మళ్ళీ మడిచాడు. కోడలు తలుపు వారనుంచి మామ మొహంలోకే చూస్తోంది. ఆ చూపులో నేను అర్థం చేసుకోలేని భయం ఒకటి కనిపించింది.

"రా" అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున్నే దిబ్బ మీద ముగ్గురం ఉన్నాం. ముసలాయన నిలబడ్డాడు, ఎడం పక్కన కోడలు నీళ్ళ ముంతతో, కుడి పక్కన నేను ఫారంతో. కింద పడవ సిద్ధంగా ఉంది. ఆయన సముద్రం వంక తిరిగాడు. సూర్యుడు సరిగ్గా మొహాన కొడుతున్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన కనురెప్ప కూడా వెయ్యలేదు. అప్పుడు చూశాను. రెండు నల్లగుడ్ల మీదా తెల్లగా పొర కమ్మేసి ఉంది.

కోడలు మొహం ఉత్తరానికి తిప్పి, పెదవులు కదిలీ కదలనట్టు మాట్లాడుతోంది.

"ఉత్తరాన తాటిసెట్ల ఎదర నీల్లు మారినాయి మావా."

"నలుపా, ఎరుపా?"

"ఎరుపు కలిసిన నలుపు."

"పిట్టలు?"

"తిరుగుతన్నాయి. మునగట్లేదు."

"అయితే అడుగున ఉన్నాయి. ఉండనీ."

నా చేతిలో కలం అలాగే ఉండిపోయింది. కొంతసేపటికి ఆమె మళ్ళీ అంది, "ఒకటి మునిగింది. ఇంకోటి. నీల్లు ఉడుకుతన్నట్టున్నాయి మావా." ఆయన తువ్వాలు ఎత్తి ఉత్తరానికి ఊపాడు. అప్పటికే పడవ కదిలింది. ఆమె పడవ ఎంత దూరం వెళ్ళిందో చెబుతోంది, ఆయన లోలోపల ఏదో కొలుచుకుంటున్నాడు. "అలలు ఎటు ఇరుగుతన్నాయే?" అని ఒకసారి అడిగాడు. ఆమె చెప్పింది. తువ్వాలు దించాడు. వల పడింది.

లాగేసరికి జాము పట్టింది. నేనూ వెళ్ళి తాడు పట్టుకున్నాను, అరచేతులు బొబ్బలెక్కాయి. వల ఒడ్డుకి వచ్చేసరికి కవళ్ళు అనే చిన్న చేపలు ఇసుక మీద వెండి పోసినట్టు పడ్డాయి. చేపల వాసన అంటేనే గిట్టని కోమటి కుర్రాణ్ణి, ఆనందం పట్టలేక అరిచాను.

నీళ్ళ కోసం వెళ్తున్నట్టు కోడలు నా వెనకే వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు.

"బాబూ, తవరు సూసినారు. నన్ను రాయొద్దు. రెండేల్లగా ఇలగే నడుపుకొస్తన్నాము. ఆడది వల దాటకూడదు, పడవ ముట్టకూడదు, సేపల ఏట మాట ఆడదాని నోట రాకూడదు మా ఊల్లో. నా మాట మీద వల ఏస్తన్నామని తెలిస్తే మావని దిబ్బ దించీస్తారు. పని సేసినోడు మావ, అని రాసీయండి. మీకు పున్నెం ఉంతాది."

చూసింది రాయమన్నాడు సూపర్వైజరు. చూసింది రాస్తే ఈ ఇంటి కూడు పోతుంది. రాయకపోతే నేను మళ్ళీ అబద్ధం రాసినట్టే. మింగలేక కక్కలేక కాసేపు ఆ ఇసుకలోనే తిరిగాను. ఒకసారి నా కలం ఆ పొయ్యి ఆర్పింది చాలనిపించింది. ముసలాయన పేరు ఎదుట 'సొంత పని: చేపల జాడ చూసి వలకి దారి చూపుతాడు' అని రాశాను. ఆమె పేరు ఎదుట, ఆమె చెప్పినట్టే, 'ఇంటి పట్టున ఉంటుంది, పని లేదు' అని రాశాను. ఈసారి అక్షరాలు అంత బాగా రాలేదు.

వాటాలు పోసేచోట జనమంతా చేరారు. ముసలాయన అక్కడే చదవమన్నాడు. "పని నేదని అందరి ఎదరా సదివినావు, ఇదీ అందరి ఎదరే సదువు" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. చదివాను. వలకి దారి చూపుతాడు అనేసరికి జనం "అదీ!" అన్నారు. ఆయన మొహం తేటపడింది. కోడలి వంతు గబగబా చదివేసి వేలిముద్రకి సిరా తీశాను.

"ఆగు" అన్నాడు ముసలాయన. "కోడలికి ఏటి రాసినావు?"

"ఇంటి పట్టున ఉంటుంది, పని లేదు అని."

"ఆ మాట నన్నంటే రెండు రోజులు అన్నం తిననేదు నాను. దాన్నంటే ఊరుకుంతానేటి?"

"మావా!" అంది ఆమె. వద్దన్నట్టు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు, ఆగనూ లేదు.

"నాకు కల్లు నేవు. రెండేల్లయింది. సంద్రం కనిపించదు, మీ మొగాలు కనిపించవు. సూసేది ఇది, సెప్పేది ఇది. నాను తువ్వాలు ఊపుతన్నాను, అంతే. ముందు దాన్ని రాయి, నన్ను తరవాత రాయి. తప్పయితే నన్ను దిబ్బ దించీయండిరా, దించీయండి."

కోడలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. జనం వల పెద్ద వంక చూశారు. అతను చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"ఇది సెప్పడానికి రెండేల్లు పట్టిందా మావా నీకు?" అన్నాడు. "దిబ్బ కింద ఉన్నోల్లకి కల్లు నేవనుకున్నావా? మేం నీ తువ్వాలు సూస్తన్నామా? ఆ పిల్ల మొగం ఎటు తిరిగితే అటు తెడ్డు ఏస్తన్నాం. నువ్వు ఊపీలోపు పడవ సగం దూరం ఎల్లిపోతంది!"

ఒక్కసారి నవ్వులు పగిలాయి. ముసలాయన కూడా నవ్వాడు, పొరలు కమ్మిన కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వాడు. ఊరంతా ఆయన పరువు కోసం తెలియనట్టు నటించింది, ఆయన కోడలి కోసం నటించాడు, ఆమె ఇద్దరి కూటి కోసం నటించింది. వాళ్ళందరిలోకీ తెలివైనవాణ్ణి అనుకున్న నేనొక్కణ్ణే ఏమీ చూడలేదు.

ఫారం మోకాలి మీద పెట్టుకుని, ఆమె పేరు ఎదుట రాసింది కొట్టేశాను. సంతకానికి మళ్ళీ టెక్కలి నడవాలని తెలుసు, నడుద్దామనుకున్నాను.

"ఏమని రాయమంటావమ్మా?" అని అడిగాను.

ఆమె కొంగు దించి, నాలుగు మాటల్లో దేనికీ అందని అయిదో మాట చెప్పింది.

"సంద్రం సూస్తానని రాయండి."

అలాగే రాశాను. వల పెద్ద వాటాలు పోయడం మొదలుపెట్టాడు. పడవకి, వలకి, తువ్వాలుకి పోశాక, తువ్వాలు కుప్ప పక్కనే ఇంకో కుప్ప పోశాడు. అది ఎవరిదని ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం కదలకుండా దాని వంకే చూస్తూ నిలబడింది.

"ఏటి సూస్తన్నావు?" అన్నాడు ముసలాయన, ఏదీ కనబడకుండానే. "నీదే. బుట్ట తెచ్చుకో."